ఆవిరి రాని ఉపన్యాసం

సరిహద్దు గట్టు

1941 నవంబరు 7. మాస్కో ఎర్రమైదానంలో మంచు కురుస్తోంది. జర్మన్లు నగరం మీదికి వస్తున్నారు. అయినా విప్లవ దినోత్సవ కవాతు ఆపలేదు, స్టాలిన్ మాట్లాడాడు. చిక్కల్లా ఒక్కటే. కవాతు అనుకున్న వేళకంటే ముందే మొదలైపోయి ఆ ఉపన్యాసం ఫిల్ముకు ఎక్కలేదు. తర్వాత క్రెమ్లిన్ లోపల హాల్లో మళ్ళీ చెప్పించి తీశారు. యూట్యూబులో ఇప్పటికీ చూడొచ్చు. అంత చలిలో మాట్లాడే మనిషి నోట్లోంచి ఆవిరి రాదు!

మాస్కో దగ్గర జర్మన్ల ఓటమి మీద తీసిన డాక్యుమెంటరీలో ఆ ముక్క కలిపారు. అదే సినిమా అమెరికాలో ఇంగ్లీషు పేరు పెట్టుకుని 1943లో ఆస్కార్ కొట్టింది. దానికి పనిచేసిన కెమెరామెన్లలో రొమాన్ కార్మెన్ ఒకడు. ఒడెస్సాలో 1906లో పుట్టినవాడు. 1936లో స్పెయిన్ యుద్ధానికి వెళ్ళాడు, ఆ తర్వాత చైనాకు. ముట్టడిలో ఉన్న లెనిన్‌గ్రాడ్ మీద వచ్చిన సినిమాకు నలుగురు దర్శకుల్లో తనొకడు. స్టాలిన్‌గ్రాడ్‌లో పట్టుబడిన ఫీల్డ్ మార్షల్ పౌలస్‌ను విచారిస్తున్న ఫొటో అతను తీసిందే. మైదానెక్ మృత్యుశిబిరం, బెర్లిన్‌లో జర్మనీ లొంగుబాటు సంతకం, న్యూరెంబర్గ్ విచారణ, అన్నిచోట్లా అతని కెమెరా ఉంది. 1950లలో మన దేశం మీద కూడా ఒక సినిమా తీశాడు. 1978లో పోయాడు.

ఆ కెమెరామెన్లు మోసింది ఎక్కువగా ఐమో కెమెరా. గడియారానికి ఇచ్చినట్టు కీ ఇచ్చి తిప్పాలి. నూరడుగుల ఫిల్ము ఎక్కిస్తే నిమిషం చిల్లర వస్తుంది, అంతే. ఆ నిమిషాన్ని ఎక్కడ ఖర్చుపెట్టాలో గుండ్లు పడుతుంటే తేల్చుకోవాలి.

కార్మెన్ని దేవుణ్ణి చేయబోవడం లేదు. అతనిది సర్కారు కెమెరా. 1954 మే 7న వియత్నాంలో దియెన్ బియెన్ ఫూ కోట కూలినప్పుడు అతను అక్కడ లేడు. తర్వాత చేరుకుని ఫ్రెంచి ఖైదీల బారులను మళ్ళీ నడిపించి తీశాడు. ఫ్రెంచి సేనాపతి బంకరు మీద జెండా ఊపడమూ మళ్ళీ చేయించిందే. ప్రపంచమంతా ఆ బొమ్మలే చూసి అదే యుద్ధం అనుకుంది. మోసమా అంటే, కొంత మోసమే. కానీ నడిచినవాళ్ళు నిజం ఖైదీలు, ఊగింది గెలిచినవాళ్ళ జెండా. నాటకమని తెలిశాక కూడా ఆ బొమ్మ నాకు పనికొస్తుంది. ఎందుకంటే మన తెలంగాణ సాయుధ పోరాటానికి ఆ నాటకం పాటి బొమ్మ కూడా లేదు.

మా ఎర్రుపాలెం అప్పట్లో నిజాం రాజ్యపు చివరంచు. ఇటు నిజాం, గట్టు దాటితే మద్రాసు రాష్ట్రపు కృష్ణా జిల్లా. రజాకార్ల కాలంలో జనం అటు పారిపోయారు, పోరాట దళాలకు శిక్షణ క్యాంపులు అటే నడిచాయి. 1948 సెప్టెంబరులో భారత మిలట్రీ దిగాక దళాలు గోదావరి అడవుల్లోకి, పాల్వంచ, ఇల్లెందు వైపుకి జరిగాయి. వాళ్ళకు కూడు దొరక్కుండా కోయగూడేలను ఖాళీ చేయించి జనాన్ని క్యాంపుల్లోకి తోలారు. 1951 అక్టోబరులో పోరాటం విరమించేదాకా అడవిలో మూడేళ్ళు. ఆ మూడేళ్ళ దళం బతుకు మీద, నేను వెతికినంతలో, కదిలే బొమ్మ ఒక్కటీ నా కంటపడలేదు. నిజాం సేనాపతి ఎల్ ఎద్రూస్ వచ్చి భారత సైన్యపు జనరల్ చౌధురికి లొంగిపోయిన ఫొటో మాత్రం ఎక్కడ చూసినా ఉంటుంది. గెలిచిన సైన్యం వెంట కెమెరా ఉంది మరి. అడవిలోకి ఎవరు తెస్తారు? పట్టుబడితే ప్రాణాలకే ముప్పు, ఇక బొమ్మ దిగడం ఎవరికి కావాలి?

ఉన్నవి కొన్ని ఫొటోలు. ఆ పోరాటంలో దళాన్ని నడిపిన మల్లు స్వరాజ్యం గారు 2022 మార్చిలో కన్నుమూసినప్పుడు పత్రికలు వేసిన, తుపాకులు పట్టిన ఆడవాళ్ళ ఫొటో గుర్తుందా? నాకైతే ఫొటో కోసం నిలబడ్డ తీరే అనిపిస్తుంది. అయితేనేం, ఆ తుపాకీ ఆమె నిజంగా మోసిందే. మిగతాదంతా సినిమాయే పూడ్చింది. గౌతమ్ ఘోష్, బి. నర్సింగరావుల ‘మా భూమి’ 1980లో వచ్చింది. పోరాటం ఆగిన దాదాపు ముప్పై ఏళ్ళకు నటులతో తీసిన కథ. నిజాం లొంగిపోయిన సెప్టెంబరు 17 వస్తే టీవీల్లో వేసేది ఆ ముక్కలే. పిల్లలు దాన్ని అప్పటి ఫిల్మనే అనుకుంటున్నారు. తప్పు సినిమాది కాదు.

తప్పు నాలాంటి వాళ్ళది. మా అమ్మమ్మ దళం కోసం గడ్డిమోపులో సద్దిమూట దాచుకుని గట్టు దాటేది. ఆ మోపు ఎలా కట్టేదో, అడ్డుకున్నవాడికి ఏం చెప్పేదో చేతులు తిప్పుతూ చూపించేది. అప్పటికే నా జేబులో కెమెరా ఫోను ఉంది. అన్నప్రాసనలూ పెళ్ళిళ్ళూ తీశాను గానీ ఆ చేతులను తీయలేదు. ఇప్పుడు నేను చెప్తే అది నా మాటే, ఆమె మాట కాదు.

1948లో పదేళ్ళ పిల్లలకు ఇప్పుడు ఎనభై అయిదు దాటాయి. మధిర వైపు ఊళ్ళలో, ఇల్లెందు గూడేల్లో ఇంకా కొందరున్నారు. కార్మెన్ చేతిలో ఉన్నది నిమిషం ఫిల్ము, మీ ఫోనులో గంటలు పడుతుంది. వెళ్ళండి. ఎర్ర తువాలు మెడలో వేయించకండి, నినాదం చెప్పించకండి. ఏ బావి దగ్గర ఏం జరిగిందో అక్కడికే నడిపించుకెళ్ళి చూపించమనండి. దగ్గొస్తే దగ్గనివ్వండి, మరిచిపోతే మరిచిపోనివ్వండి. మొదట్లోనే ఊరి పేరు, వాళ్ళ పేరు, ఆ రోజు తేదీ గట్టిగా చెప్పించండి. తీసింది మీ దగ్గరే పెట్టుకోకుండా ఖమ్మం గ్రంథాలయంలో ఒక కాపీ ఇచ్చి రండి. ఫోను పోతే బొమ్మా పోతుంది.

– సరిహద్దువాసి, ఎర్రుపాలెం