మన పిల్లలకు ఒంటి సంగతి చెప్పేదెవరు?

పోయిన సంచికలో హాస్టల్ పిల్లల ఆరోగ్యం గురించి రాస్తూ, ఆడపిల్లలకు ముట్టు గురించీ మగపిల్లలకు వయసు మార్పుల గురించీ బళ్లోనే చెప్పాలని మేము రెండు వాక్యాలు రాశాం. అసైన్డ్ భూముల మీద ఎనిమిది పేజీలు రాసినప్పుడు కూడా అన్ని ఉత్తరాలు రాలేదు. మెచ్చుకున్నవి కొన్ని, తిట్టినవి ఎక్కువ. "దళితుల పత్రికలో ఈ బూతు పురాణం ఏమిటి? భూమి గురించి రాయండి, కూలి గురించి రాయండి, రిజర్వేషన్ల గురించి రాయండి. ఇట్లాంటివి సినిమా పత్రికలకు వదిలెయ్యండి" అని ఒక పెద్దాయన రాశారు. ఆయన ముప్పై ఏళ్లుగా ఉద్యమంలో ఉన్న మనిషి. దెబ్బలు తిన్నారు, జైలుకు పోయారు. అందుకే ఆయన మాటను పక్కన పెట్టకుండా ఈ సంపాదకీయం మొత్తం దానికే ఇస్తున్నాం.

ముందు బాబాసాహెబ్ దగ్గరికే పోదాం. 1916లో, పాతికేళ్ల వయసులో, అమెరికాలోని కొలంబియా యూనివర్సిటీలో ఆయన కులాల పుట్టుక మీద ఒక వ్యాసం చదివారు. తమలో తామే పెళ్లి చేసుకోవడమే కులానికి ప్రాణం అని అందులో తేల్చారు. మరి మొగుడు చచ్చిన ఆడమనిషి, పెళ్లాం చచ్చిన మగాడు ఆ కులానికి మిగులుగా తయారవుతారు కదా. ఆ మిగులు కులం గీత దాటకుండా ఏం చెయ్యాలి? ఆడమనిషిని మొగుడి చితిమీద తగలబెట్టాలి, లేదంటే బతికినంత కాలం వితంతువుగా మూల కూర్చోబెట్టాలి. మగాడికి ఇంకా పెళ్లీడు రాని పసిపిల్లను కట్టబెట్టాలి. సతి, వితంతువు మళ్లీ పెళ్లి చేసుకోకూడదనే కట్టుబాటు, బాల్యవివాహం, ఈ మూడూ కులానికి కాపలాగా పుట్టాయని ఆయన వాదన. కులం బావి దగ్గర కాపలా కాసింది, గుడి గడప దగ్గర కాసింది, పొలం గట్టు మీద ఇప్పటికీ కాస్తోంది. అన్నిటికంటే గట్టి కాపలా మాత్రం ఆడదాని ఒంటి మీద పెట్టింది.

2018 సెప్టెంబర్‌లో మిర్యాలగూడలో ప్రణయ్‌ని ఆసుపత్రి బయట, కడుపుతో ఉన్న భార్య కళ్లముందే నరికి చంపారు. 2025 మార్చిలో నల్లగొండ కోర్టు ఒకరికి ఉరి, ఆరుగురికి యావజ్జీవం వేసింది. ఎవరితో బతకాలో తామే తేల్చుకోవచ్చు అని ఇద్దరు వయసొచ్చిన మనుషులు అనుకున్నారు. అందుకు పడిన శిక్ష అది. కాబట్టి పెద్దాయనా, ఒంటి సంగతి వేరు, కులం సంగతి వేరు అని మీరు అంటే మేము ఒప్పుకోలేం.

ఇంకో ముచ్చట మనలో చాలామందికి తెలియదు. బొంబాయిలో రఘునాథ్ ధోండో కర్వే అని ఒక లెక్కల ప్రొఫెసర్ ఉండేవాడు. పుట్టుకతో బ్రాహ్మణుడే. పిల్లలు పుట్టకుండా ఆపుకునే పద్ధతులు జనానికి చెప్పాలని పట్టుబట్టి కాలేజీ ఉద్యోగం పోగొట్టుకున్నాడు. 1921లో అక్కడ క్లినిక్ పెట్టాడు. 1927 నుంచి 1953లో చనిపోయేదాకా 'సమాజ స్వాస్థ్య' అనే మరాఠీ మాసపత్రిక నడిపాడు. పాఠకులు సిగ్గుపడుతూ అడిగిన ప్రశ్నలకు అందులో సూటిగా జవాబులు వేసేవాడు. ఛాందసులు ఊరుకుంటారా? అశ్లీలం అని కేసు పెట్టించారు. 1934లో ఆ కేసులో కర్వే తరఫున కోర్టులో నిలబడి వాదించిన వకీలు ఎవరో కాదు, మన అంబేద్కరే. లైంగిక విషయాల మీద రాసినంత మాత్రాన అది అశ్లీలం కాదనీ, జనం మనసులో వంకర ఆలోచనలు ఉంటే వాటిని పోగొట్టేది జ్ఞానమేననీ వాదించారు. కేసు ఓడిపోయారు. కర్వేకు జరిమానా పడింది. అప్పటికి పూనా ఒప్పందం జరిగి రెండేళ్లు కూడా కాలేదు, నాసిక్ కాలారామ్ గుడి పోరాటం ఇంకా సాగుతోంది. అంత పనిలో ఉన్న మనిషి ఈ కేసు ఎందుకు నెత్తికెత్తుకున్నారు? నాలుగేళ్ల తర్వాత, 1938 నవంబర్‌లో, ఆయన పార్టీ బొంబాయి శాసనసభలో సంతాన నియంత్రణ మీద తీర్మానం పెట్టింది. అదీ ఓడిపోయింది. ఓడిపోతామని తెలిసీ రెండుసార్లు నిలబడ్డారు. ఆయన ఫోటోకు దండ వేసేవాళ్లం ఈ సంగతి కూడా తెలుసుకోవాలి కదా.

ఇక బూతు సంగతి. ఏది బూతు? తెలుగు ప్రబంధాల్లో రాజులూ రాణులూ పడకటింట్లో చేసిందంతా శృంగార రసం. ఎమ్మేలో పాఠం చెప్తారు, పరీక్షలో ప్రశ్న ఇస్తారు, పద్యం అప్పజెప్పకపోతే మార్కులు పోతాయి. అదే సంగతి మన వాడలో అమ్మ తన మాటల్లో అంటే బూతు. సంస్కృతంలో ఉంటే రసం, తెలుగులో ఉంటే రోత! పద్దెనిమిదో శతాబ్దంలో తంజావూరు కొలువులో ఉన్న ముద్దుపళని 'రాధికా సాంత్వనం' రాసింది. 1910లో బెంగళూరు నాగరత్నమ్మ దాన్ని శ్రద్ధగా పరిష్కరించి అచ్చు వేయించింది. ఇద్దరూ దేవదాసీ కుటుంబాల ఆడవాళ్లు. వీరేశలింగం గారంతటి సంస్కర్తకే అది గిట్టలేదు. మగ కవులు రాసినవాటిని ఎందుకు తప్పుపట్టరని నాగరత్నమ్మ నిలదీసింది. దొరల ప్రభుత్వం 1911లో పుస్తకాన్ని నిషేధించింది. 1947లో, ప్రకాశం పంతులు మద్రాసు ప్రభుత్వం నడుపుతున్నప్పుడు, గానీ ఆ నిషేధం తొలగలేదు. ఒంటి గురించి మాట్లాడే హక్కు ఎవరికి ఉంది, ఎవరికి లేదు అన్నదే అక్కడి గొడవంతా.

ఏ సంస్కృతి పాడవుతుందని వీళ్లు బెంగపడుతున్నారో ఆ సంస్కృతే మన మాదిగ, మాల పిల్లలకు ఊహ తెలియక ముందే తాళి కట్టి జోగినిని చేసింది. ఆ పిల్ల దేవుడి పెళ్లాం, ఊరందరి ఆస్తి. దాన్ని నిషేధిస్తూ చట్టం తేవడానికి మన రాష్ట్రంలో 1988 దాకా పట్టింది. అప్పుడు ఎవరికీ సిగ్గు అనిపించలేదు. బళ్లో టీచరమ్మ బల్ల మీద గర్భాశయం బొమ్మ గీస్తే మాత్రం సిగ్గు.

మన భాషలోనే ఒక జంట మాట ఉంది: అంటు ముట్టు. ఇల్లు మైలపడకుండా చూసుకోవడాన్ని ఆ మాటతోనే చెప్తారు. అంటు మనం, ముట్టు ఆడవాళ్లు. వాళ్లు నెలకు మూడు రోజులు గడప బయట, మనం తరతరాలు ఊరి బయట. ఇద్దరినీ తాకరాని వాళ్లను చేసింది ఒకే శాస్త్రం. మరి ఆ శాస్త్రం మనల్ని ఊరవతల పెట్టిందని ధర్నాలు చేసే మనమే, ముట్టయిన బిడ్డను వంటింట్లోకి రావద్దని ఎట్లా అంటున్నాం? అంటున్నాం, అబద్ధమెందుకు. పూర్వం మన ఇళ్లల్లో ఇంత పట్టింపు ఉండేది కాదు, నాట్లకూ కలుపుకూ పోయే ఆడమనిషి మూడు రోజులు కూర్చుంటే ఇల్లు గడవదు. నాలుగు డబ్బులు కళ్ల చూసిన కొద్దీ పై కులాల చాదస్తం కూడా తెచ్చుకుంటున్నాం.

పిల్ల పెద్దమనిషైతే ఇప్పుడు మన వాడల్లో జరుగుతున్నది చూడండి. సెంటర్లో ఫ్లెక్సీ కడతాం. టెంటు వేసి, అప్పు చేసి వెయ్యి మందికి భోజనాలు పెడతాం. ఊరంతటికీ చెప్తాం. ఆ పిల్లకు ఏం జరిగిందో ఆ పిల్లకు మాత్రం చెప్పం. తెల్లారి బడికి పోతే మగపిల్లలు ఎగతాళి చేస్తారు, ఎందుకంటే వాళ్లకూ ఎవరూ చెప్పలేదు. ఫ్లెక్సీ చూసిన పెళ్లిళ్ల పేరయ్యలు మాత్రం వెంటనే వస్తారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 20 నుంచి 24 ఏళ్ల ఆడవాళ్లలో పద్దెనిమిది నిండకుండానే పెళ్లయినవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 29 మంది, తెలంగాణలో 23 మందికి పైన.

తెలియకపోవడానికి మనం కడుతున్న ఖరీదు ఇంకా ఉంది. బస్టాండు గోడల మీద చూస్తుంటారు, "మగవారి రహస్య వ్యాధులు, బలహీనత, ఫలానా తారీఖున ఫలానా లాడ్జిలో" అని. ఎవరు పోతున్నారు అక్కడికి? హమాలీ పిల్లలు, తాపీ మేస్త్రీల దగ్గర పనిచేసే పిల్లలు. హస్తప్రయోగం చేస్తే నరాలు చచ్చిపోతాయని, ధాతువు పోతే రక్తం పోయినట్టేనని వాళ్లను భయపెట్టి నెల కూలి మొత్తం లేహ్యాలకు లాగుతారు. ఆ భయంతో చదువు మానినవాళ్లు, పెళ్లికి వెనకాడినవాళ్లు ఉన్నారు. అది జబ్బు కాదు, దానివల్ల బలం పోదు అని బళ్లో సైన్సు సారు ఒక్క మాట చెప్పి ఉంటే ఆ లాడ్జి ఎప్పుడో ఖాళీ అయ్యేది.

ఆడవాళ్లది ఇంకో నరకం. తెల్లబట్ట అవుతోందని పోతే "గర్భసంచి పాడైంది, క్యాన్సర్ వస్తుంది" అంటారు, ముప్పై ఐదు ఏళ్లకే తీసేస్తారు. దేశంలో గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్లు ఎక్కువగా ఉన్నది మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనే అని ఆ కుటుంబ ఆరోగ్య సర్వేలే చెప్తున్నాయి. ఆ సంచి ఎందుకు ఉందో, ఏది జబ్బో ఏది కాదో ఆమెకు తెలిసి ఉంటే ఇంకో డాక్టరును అడిగేది. ఇక పిల్లలు కాకుండా ఆపరేషను. అదే 2019-21 సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన ఆడవాళ్లలో నూటికి దాదాపు 70 మంది ఆపరేషన్ చేయించుకున్నారు. మొగుడికి ఆపరేషన్ అయిన జంటలు నూటికి ఒక్కటి కూడా లేవు. మగవాళ్లకు చేసేది చిన్న పని, పొట్ట కోసేది లేదు, అదే రోజు ఇంటికి రావచ్చు. మూడు నెలలు వేరే జాగ్రత్త తీసుకోవాలి, అంతే. మగతనం పోదు, బరువులెత్తే సత్తువ పోదు. కానీ సంఘం మీటింగులో సమానత్వం గురించి గంటసేపు మాట్లాడే మన తమ్ముళ్లు ఈ మాట ఎత్తగానే బీడీ ముట్టించుకోవడానికి బయటికి పోతారు.

అన్నిటికంటే బాధ పెట్టేది చిన్నపిల్లల సంగతి. 2007లో కేంద్ర మహిళా శిశు సంక్షేమ శాఖ 13 రాష్ట్రాల్లో చేయించిన అధ్యయనంలో ఏదో ఒక రకం లైంగిక వేధింపు పడ్డామని చెప్పిన పిల్లలు నూటికి 53 మంది. వాళ్లలో సగానికి పైగా మగపిల్లలు. చేసినవాళ్లలో సగం మంది తెలిసినవాళ్లు, నమ్మినవాళ్లు. ఎక్కువ మంది పిల్లలు ఎవరికీ చెప్పుకోలేదు. ఎట్లా చెప్తారు? ఒంట్లో ఆ భాగాలకు పేరు చెప్పడమే తప్పని నేర్పితే, అక్కడ ఏం జరిగిందో చెప్పడానికి ఆ పిల్లకు మాట ఎక్కడ దొరుకుతుంది? హాస్టళ్లలో ఉండేది మన పిల్లలే, అమ్మానాన్న వలసపోతే పక్కింట్లో వదిలేసి పోయేదీ మన పిల్లలనే. 2012 పోక్సో చట్టం ఉంది. పద్దెనిమిది లోపు పిల్లల మీద ఏం జరిగినా కేసే, తెలిసీ చెప్పనివాళ్లు కూడా నేరస్తులే. చేసినవాడు ఎస్సీ, ఎస్టీ కాకపోతే 1989 అట్రాసిటీ చట్టం కూడా పెట్టమని అడగాలి. రచ్చబండ దగ్గర డబ్బు కట్టి రాజీ చేసుకోవడానికి ఏ పెద్దమనిషికీ హక్కు లేదు. మన మగపిల్లలకు ఇంకో మాట చెప్పాలి. పదిహేడేళ్ల పిల్ల ఇష్టపడే వచ్చింది అంటే చట్టం ఒప్పుకోదు. ఆ పిల్ల పై కులానిదైతే మొదటి ఫిర్యాదు ఆ సెక్షన్ల కిందే పడుతుంది. ఈ సంగతి జైలుకు పోయాక తెలుసుకుంటున్నారు మన పిల్లలు.

"చెబితే చెడిపోతారు" అన్న మాట మన వాడలో పుట్టింది కాదు. 2005లో కేంద్రం కౌమార విద్య కార్యక్రమం మొదలుపెడితే 2007లో మహారాష్ట్ర, గుజరాత్, మధ్యప్రదేశ్, కర్ణాటక లాంటి రాష్ట్రాలు వద్దన్నాయి. 2009లో మన తెలుగాయన వెంకయ్యనాయుడు గారు అధ్యక్షుడిగా ఉన్న రాజ్యసభ పిటిషన్ల కమిటీ కూడా మన సంస్కృతికి ఇది సరిపడదని తేల్చింది. ఎవరి సంస్కృతి అన్నది మేము పైన అడిగాం. చెడిపోవడం సంగతికొస్తే, వయసుకు తగ్గట్టు పద్ధతిగా చెప్పినందువల్ల పిల్లలు తొందరపడరని యునెస్కో 2018లో సవరించి వేసిన మార్గదర్శకాల్లో దేశదేశాల అధ్యయనాలు చూసి చెప్పింది. ఇప్పుడు చెప్పకుండా ఉండేదెవరు? సెల్‌ఫోన్ చెప్తోంది, రాత్రి పదింటికి దుప్పటి కింద. అక్కడ ఆడదంటే ఏడ్చినా వదలకూడని వస్తువు. ఆ పాఠం మీద మనకెవరికీ అభ్యంతరం లేకపోవడం వింతగా ఉంది.

ఎనిమిదో తరగతిలో కౌమార దశ, పదిలో ప్రత్యుత్పత్తి పాఠాలు ఉన్నాయి. చాలా బళ్లల్లో "ఇంటికాడ చదువుకోండి" అని పేజీ తిప్పేస్తారు. మేమూ పంతుళ్లమే, ఈ తిప్పుడు మాకు బాగా తెలుసు. ఈ జూన్‌లో బడి తెరవగానే ప్రతి ఊరి సంఘం స్కూలు కమిటీ మీటింగులో ఒక్కటే అడగాలి: ఆ రెండు పాఠాలు ఏ తారీఖున చెప్తున్నారు, ఆడపిల్లలకూ మగపిల్లలకూ ఇద్దరికీ చెప్తున్నారా అని. హాస్టల్‌కు నెలకోసారి ఏఎన్ఎమ్ అక్కను పిలిపించమనాలి. వార్డెన్ కాదంటే మాకు రాయండి. 1098 నంబరు హాస్టల్ గోడ మీద పిల్లల కంటికి ఆనేట్టు రాయించండి.

వచ్చే సంచిక నుంచి ఆఖరి పేజీలో ప్రశ్నలు, జవాబులు వేస్తాం. జవాబులు రాయడానికి ఒక నర్సమ్మ, ఒక డాక్టరు ఒప్పుకున్నారు, ఇద్దరూ మన వాడల్లో పుట్టినవాళ్లే. ఏదైనా అడగవచ్చు, మీకు వచ్చిన మాటల్లోనే అడగవచ్చు. కార్డు మీద రాస్తే పోస్టుమాన్ చదువుతాడనుకుంటే కవరులో పెట్టండి. కింద పేరు రాయనక్కర్లేదు, ఊరు రాయనక్కర్లేదు. వయసు, ఆడా మగా అన్నది రాస్తే చాలు. ఏదీ కాదు అనుకునేవాళ్లు అదే రాయండి, వాళ్ల ప్రశ్నలకూ జవాబు వేస్తాం. మమ్మల్ని తిట్టిన పెద్దాయన కూడా రాయాలని కోరుతున్నాం.