ఎయిర్‌బ్రష్ కొంటున్నారా? డబ్బులు గన్ మీద కాదు, గాలి మీద పెట్టండి

చేతిలో పట్టే సైజు, కింద టైప్-సి పోర్ట్, లోపల బ్యాటరీ. వైర్ లేదు, ట్యూబ్ లేదు. ఈ కార్డ్‌లెస్ ఎయిర్‌బ్రష్ కిట్లను చూస్తే మనలాంటి గ్యాడ్జెట్ పిచ్చోళ్ల కోసమే చేశారేమో అనిపిస్తుంది. ప్లాస్టిక్ విమానాలు, ట్యాంకులు అతికించి, ఇక పెయింట్ వేద్దాం అనుకున్న ప్రతి కొత్తవాడి కన్నూ ముందు వీటి మీదే పడుతుంది. నాదీ పడింది, కొన్నాను. ఇప్పుడది డ్రాయర్‌లో ఉంది.

ప్రైమర్ కొట్టినంతసేపూ బాగానే ఉంది. 1/48 స్కేల్ మెస్సర్‌ష్మిట్ బీఎఫ్ 109 పక్కల మీద ఉండే మెత్తటి మచ్చలు వేయబోతే అసలు సంగతి తెలిసింది. అంత చిన్న మచ్చ పడాలంటే పెయింట్ పల్చగా ఉండాలి, గన్ మోడల్‌కి బాగా దగ్గరగా ఉండాలి, ప్రెజర్ 10-12 పీఎస్‌ఐకి దిగాలి. నా కిట్‌లో ప్రెజర్ తగ్గించే ఏర్పాటే లేదు. పల్చటి పెయింట్ మీద గాలి బలంగా తగిలేసరికి రంగు సాలెపురుగు కాళ్లలా నాలుగు వైపులా పాకింది. మొత్తం కడిగి మళ్లీ మొదలుపెట్టాల్సి వచ్చింది. ఇప్పుడొచ్చే కొన్నింటిలో ప్రెజర్ లెవల్స్‌కి బటన్లు ఇస్తున్నారు, నిజమే. కానీ రెండు మూడు స్టెప్పులు వేరు, నాబ్ తిప్పుతూ మనకు కావాల్సిన చోట ఆపుకోవడం వేరు. పైగా మోటార్ బరువు, వణుకు రెండూ మీ వేళ్ల మీదే.

కాబట్టి నా మాట సూటిగా చెప్తున్నా: బడ్జెట్ 15 వేలు అనుకుంటే అందులో 10 వేల దాకా కంప్రెసర్‌కే పెట్టండి. అందులో ట్యాంక్, రెగ్యులేటర్, మాయిశ్చర్ ట్రాప్ మూడూ ఉండాలి.

ట్యాంక్ గురించి ఒక అపోహ ఉంది. హాబీ కంప్రెసర్లలో మామూలుగా వచ్చేది 3 లీటర్ల ట్యాంక్. మోటార్ 4 బార్ దగ్గర ఆగి, 3 బార్‌కి పడగానే మళ్లీ స్టార్ట్ అవుతుంది. ఈ రెండింటి మధ్య మీకు దొరికేది అక్షరాలా 3 లీటర్ల గాలి. ఎయిర్‌బ్రష్ నిమిషానికి సుమారు 10 నుంచి 15 లీటర్లు తాగుతుంది. అంటే పావు నిమిషంలో అయిపోతుంది! మరి ట్యాంక్ దేనికి? మన ఛార్జర్‌లో ఫిల్టర్ కెపాసిటర్ ఏం చేస్తుందో ఇక్కడ ట్యాంక్ అదే చేస్తుంది. పిస్టన్ కొట్టే ప్రతి దెబ్బకీ గాలిలో వచ్చే ఎత్తుపల్లాలను సాపు చేస్తుంది. అది లేకపోతే సన్నగీత పూసల దండలా పడుతుంది.

నిల్వ కోసమే అయితే హార్డ్‌వేర్ షాపులో దొరికే 24 లీటర్ల కంప్రెసర్‌ని కొట్టేది లేదు. 8 బార్ వరకు నింపి 2 బార్ దాకా వాడుకుంటే 144 లీటర్లు. ట్రిగ్గర్ వదలకుండా కొట్టినా పది నిమిషాలు వస్తుంది, మనం ఎలాగూ ఆగి ఆగి కొడతాం. అయితే మోటార్ మోత మామూలుగా ఉండదు, అపార్ట్‌మెంట్‌లో రాత్రి పదింటికి ఆన్ చేస్తే పక్కింటి అంకుల్ తలుపు కొట్టడం ఖాయం. సాయంత్రమే నింపి పెట్టుకుని, రాత్రి స్విచ్ ఆపేసి నిశ్శబ్దంగా పెయింట్ వేసుకోవచ్చు. గన్ వైపు ఒక చిన్న రెగ్యులేటర్ మాత్రం విడిగా కొనాలి.

విశాఖ, కాకినాడ వైపు ఉన్నవాళ్లు మాయిశ్చర్ ట్రాప్‌ని ఆప్షనల్ అనుకోవద్దు. గాలిని నొక్కి చల్లారిస్తే అందులోని తేమ నీళ్లవుతుంది. సముద్రం పక్కన వర్షాకాలంలో ఆ నీళ్లు ట్యూబ్‌లోంచి వచ్చి, సరిగ్గా చివరి కోటింగ్ మీద చుక్కలా పడతాయి. పని అయ్యాక ట్యాంక్ కింద ఉండే డ్రెయిన్ వాల్వ్ తిప్పి నీళ్లు వదిలేయండి, లేకపోతే లోపల తుప్పు పడుతుంది.

ఇక గన్. ఫోన్లలో మెగాపిక్సెల్ ఎలాగో ఇక్కడ నాజిల్ మిల్లీమీటర్లు అలాగ. 0.2 నాజిల్ ఉంటేనే సన్నగీత వస్తుందని చాలామంది నమ్ముతారు. కానీ బ్యాడ్జర్ పేట్రియాట్ 105కి ఉన్నది 0.5, ఇవాటా ఎక్లిప్స్ సీఎస్‌కి 0.35. చెయ్యి తిరిగినవాళ్లు వాటితోనే వెంట్రుక లాంటి గీతలు గీస్తారు. 0.2 అయితే యాక్రిలిక్ పెయింట్ మన మే నెల ఎండకి నాజిల్ కొసన ఎండిపోయి ఊరికే మూసుకుపోతుంది. 0.3 తీసుకోండి. డ్యుయల్ యాక్షన్ ఉండాలి, అంటే ట్రిగ్గర్ నొక్కితే గాలి, వెనక్కి లాగితే పెయింట్. కప్పు పైన ఉండాలి. చైనా గన్ అయినా పర్లేదు, కానీ ఆర్డర్ పెట్టే ముందు దాని నాజిల్, నీడిల్ విడిగా దొరుకుతాయో లేదో వెతకండి. చిన్న నాజిల్ మర ఒక్కసారి గట్టిగా బిగిస్తే చాలు, విరిగిపోతుంది. విడిభాగం దొరకని గన్ ఆ రోజుతో షోపీసే.

థిన్నర్‌లో పొదుపు వద్దు. టామియా యాక్రిలిక్ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కలుస్తుంది, అదే వల్లేహోలో పోస్తే జిగురులా ముద్ద కడుతుంది. లాకర్ పెయింట్స్ వాడితే ఎన్95 మాస్క్ సరిపోదు, అది తుంపరలను ఆపుతుంది గానీ ఆవిరిని కాదు. ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్ ఉన్న రెస్పిరేటర్ కావాలి, కిటికీ తెరిచి ఉండాలి. హాస్టల్ రూమ్‌లో అయితే లాకర్ జోలికే వెళ్లొద్దు, రూమ్మేట్ మాస్క్ పెట్టుకుని పడుకోడు కదా.

ఆ హాస్టల్ కుర్రాళ్లకి మాత్రం కార్డ్‌లెస్ కిట్ వద్దని చెప్పను. ప్రైమర్, ఒకే రంగు బేస్ కోట్, గన్‌డమ్ కిట్ల మీద మ్యాట్ వార్నిష్, అంతవరకు అది చేస్తుంది. కొనేటప్పుడు పైన గన్ మామూలు 1/8 ఇంచ్ ఎయిర్ ఫిట్టింగ్‌తో విడిగా ఊడొచ్చే మోడల్ చూసుకోండి. రేపు కంప్రెసర్ కొన్నప్పుడు అదే గన్‌ని ట్యూబ్‌కి తగిలించుకోవచ్చు. నాది ఊడదు, అందుకే డ్రాయర్‌లో ఉంది.