బేరమాడితే కొనాలి

కోఠీలో బేరాలు నేర్చుకున్నవాడిని, ప్రపంచంలో ఎక్కడైనా నెగ్గుకొస్తానని నాకో ధీమా. 2007లో ఆఫీసు పని మీద బీజింగ్ వెళ్ళినప్పుడు ఆ ధీమాతోనే సిల్క్ స్ట్రీట్‌లో అడుగుపెట్టాను. పేరుకి వీధే గానీ, పాత సందు బజారు 2005లోనే మూతపడి అంతస్తుల భవనం అయిపోయింది.

అక్కడ భాష రాకపోయినా ఫర్వాలేదు, కాలిక్యులేటర్ చాలు. సిల్కు స్కార్ఫుకి కొట్టు అమ్మాయి 280 నొక్కింది. నేను 30 నొక్కాను. గుండె పట్టుకుని నవ్వింది. పావుగంట లాగి లాగి, చివరికి నేను చెప్పిన 45కే సరేనంది. అప్పట్లో యువాన్ అంటే మనకి ఐదు రూపాయల పైచిలుకు. ఒప్పుకుందంటే ఇంకా తగ్గేదేమోనని అనుమానం వచ్చి, "తర్వాత చూస్తా" అంటూ జారుకున్నాను. వెనకనుంచి ఏవో తిట్లు. అర్థం కాలేదు గానీ, కోఠీలో విన్నవే అయ్యుంటాయి.

ముందు నాకే కోపం వచ్చింది. హోటలుకొచ్చాక తట్టింది. ఆరింతలు చెప్పడం ఆ అమ్మాయి మోసమేం కాదు, ఆట అక్కణ్ణుంచే మొదలని ఇద్దరికీ తెలుసు. మాట తప్పింది నేను. ధర నేనే చెప్పాను, తను ఒప్పుకుంది. అక్కడితో బేరం అయిపోయినట్టే.

ఆఫర్ లెటర్ల దగ్గరా మనం చేసేది ఇదే కదా! అడిగిన జీతం ఇస్తామన్నాక, ఆ కాగితం పట్టుకుని ఇంకో కంపెనీలో బేరం పెడతాం. దానికి తెలివితేటలని పేరు. (నేనూ చేశాను, కాదనను.)

ఇప్పుడు నా మట్టుకు నాకో రూలు. కొనే ఉద్దేశం లేకపోతే అంకె చెప్పను. చెప్పింది ఒప్పుకుంటే కొనేస్తా. పక్క కొట్లో అదే సగానికి దొరుకుతోందని తెలిసినా ఏడవను.