పొడి డబ్బాకి ఒక పరీక్ష

"ప్రకృతిసిద్ధమైనది కనక హాని లేదు" అనే మాటంత హాని చేసే మాట మన ఆడవాళ్ల కబుర్లలో ఇంకోటి లేదు. గన్నేరుపప్పు మాత్రం ప్రకృతిసిద్ధం కాదా ఏమిటి?

మా సుచిత్రలో నలభై అయిదు దాటినవాళ్లు నలుగురు చేరితే, కూరగాయల ధరల తర్వాత వచ్చే మాట ఒంట్లో సెగల గురించే. ఉన్నట్టుండి మెడలోంచి ఆవిరి తన్నుకొచ్చి మొహమంతా చెమటలు, అర్ధరాత్రి మెలకువ, కారణం లేని ఏడుపు. ముట్లుడిగే వయసు మరి. ఆ మాట పైకి అనగానే మందులు వచ్చిపడతాయి. శతావరి లేహ్యం, అవిసెగింజలు, సోయా పిండి, అమెరికా నుంచి కోడలు పంపిన బ్లాక్ కోహోష్ మాత్రలు. "మా వదినకి నెల్లో తగ్గిపోయిందండీ" అనే సర్టిఫికెట్టు వాటికి జత.

వదినగారికి తగ్గలేదని నేననను. ఎందుకు తగ్గిందన్నదే నా పేచీ. హార్మోన్ మాత్రల మీద జరిగిన 24 పరీక్షల్ని, 3,329 మంది స్త్రీల వివరాలతో, 2004లో కాక్రేన్ సంస్థవారు కలిపి చూశారు. మందు లేని ఉత్తుత్తి మాత్ర మింగినవాళ్లకి కూడా సెగలు నూటికి దాదాపు 58 వంతులు తగ్గాయిట! నమ్మకం కొంత, రోజులు గడిచి దానంతటదే తగ్గడం కొంత. మరీ భరించలేనప్పుడే కదా మనం మందు మొదలెడతాం. తర్వాత కాస్త నెమ్మదిస్తే ఆ పేరు పొడి కొట్టేస్తుంది. అంచేత పొడి గొప్పతనం తేలాలంటే ఉత్తుత్తి పొడితో పోటీ పెట్టాల్సిందే.

పెట్టి చూశారు కూడా. అమెరికాలో 188 మందికి ఆరు వారాలు, సగం మందికి అవిసెగింజలున్న బార్, సగం మందికి లేని బార్ ఇచ్చారు. రెండు జట్లలోనూ మూడో వంతుకి పైగా స్త్రీలకి సెగలు సగానికి తగ్గాయి. తేడా లేదు. అవిసెగింజల కారప్పొడి వేడన్నంలో నెయ్యితో దివ్యంగా ఉంటుంది, అందుకు తినండి. బ్లాక్ కోహోష్ మీద 16 పరీక్షలు, 2,027 మంది. పనిచేస్తుందనడానికి ఆధారం చాలలేదని 2012లో తేల్చారు. సోయా వగైరాల మీద 43 పరీక్షలు జరిగితే, జెనిస్టీన్ ఎక్కువున్న మాత్రల దగ్గర మాత్రం కొంచెం ఆశ కనబడింది. విటమిన్ 'ఇ' రోజుకి ఒక్క సెగ తగ్గించింది, పాపం.

"మన పూర్వుల వైద్యానికి తెల్లవాళ్ల పరీక్షలేమిటి?" అంటారు. తెల్లవాళ్ల దాకా ఎందుకండీ, పక్కనే శామీర్‌పేట ఉంది. అక్కడి జీనోమ్ వ్యాలీలో భారత్ బయోటెక్ వాళ్లు కోవాగ్జిన్ కోసం 2020 నవంబరులో మొదలెట్టిన పరీక్షకి దాదాపు 25,800 మంది కావలసొచ్చారు. సగం మందికి టీకా, సగం మందికి టీకా లేని సూది. ఆ ఫలితాలు రాకముందే 2021 జనవరిలో అనుమతి ఇచ్చేశారని దేశమంతా దెబ్బలాడుకుంది. మంచిదే. మరి సుచిత్ర చౌరస్తాలో అమ్మే పొడి డబ్బా కోసం ఒక్కరూ దెబ్బలాడరేం? ప్రామాణిక గ్రంథాల్లో ఉన్న ఆయుర్వేద యోగమైతే లైసెన్సుకి అలాంటి పరీక్ష అక్కర్లేదు. ఇంటర్నెట్‌లో కొన్న 193 ఆయుర్వేద మందుల్ని పరీక్షిస్తే, అయిదో వంతు వాటిలో సీసమో పాదరసమో ఆర్సెనిక్కో బయటపడిందని 2008లో ప్రచురించారు. ఋతుదోషాలు నయం చేస్తామని మందుల ప్రకటనలు వెయ్యకూడదని 1954 నుంచీ చట్టం ఉంది. గోడల మీద రాతలు చూస్తే ఆ సంగతి ఎవరికీ తెలిసినట్టు లేదు.

డాక్టర్లని వెనకేసుకొస్తున్నాననుకోకండి. మనం పొడుల వెంట పడడంలో సగం పాపం వాళ్లది. "ఈ వయసులో మామూలేనమ్మా" అని రెండు నిమిషాల్లో పంపేస్తారు, లేదా గర్భసంచి తీసేద్దామంటారు. 2015-16 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి పోయినవాళ్లు దేశంలో నూటికి ముగ్గురైతే, ఆంధ్రలో దాదాపు తొమ్మిదిమంది, తెలంగాణలో దాదాపు ఎనిమిదిమంది! అండాశయాలు కూడా తీసేస్తే ముప్పయ్యేళ్లకే ఈ సెగలు.

హార్మోన్లంటే మనకి హడలు. 2002లో అమెరికాలో ఒక పెద్ద పరీక్ష మధ్యలో ఆపేశారన్న వార్త చలవ అది. అందులో చేరినవాళ్ల సగటు వయసు 63 అని ఎవరూ చెప్పలేదు. అరవై లోపు, ముట్లుడిగి పదేళ్లు దాటని ఆరోగ్యవంతురాలికి, బాధ ఎక్కువైతే, సాధారణంగా లాభమే ఎక్కువన్నది ఇప్పటి మాట. రొమ్ము కాన్సరు, రక్తం గడ్డకట్టడం వంటివి వచ్చినవాళ్లకి అవి కూడవు. వాళ్లకి హార్మోను లేని మందులున్నాయి, మనసుకి తర్ఫీదిచ్చే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ ఉంది. రెండూ పరీక్షకి నిలిచినవే. డాక్టరు రెండు నిమిషాల్లో లేవమంటే లేవకండి, ఇవి అడగండి.

నెలసరి ఆగిన ఏడాది తర్వాత మళ్లీ రక్తం కనబడిందా, ఏ డబ్బా మూతా తియ్యకండి. "వేడి చేసిందిలే" అని లేహ్యం తింటూ కూర్చుంటే గర్భాశయ కాన్సరు కాచుకుని కూర్చోదు. ఆ వారంలోనే వెళ్లి చూపించుకోండి.