జున్నుకు ముందు దూడ

మొన్న ఉదయం మాకు పాలు పోసే అబ్బాయి సీసా నిండా జున్నుపాలు తెచ్చాడు. "రాత్రి గేదె ఈనిందండీ. అమ్మగారికి ఇష్టమని తెచ్చాను" అన్నాడు. మా ఆవిడ అప్పటికే బెల్లం, మిరియాలు తీస్తున్నది. నేను మాత్రం, "ముందు దూడ తాగిందా?" అని అడిగాను. ఎప్పుడూ వినే ప్రశ్నే గనుక ఆవిడ నవ్వి ఊరుకున్నది.

ఆ ప్రశ్న వెనక ఒక పెయ్యదూడ ఉన్నది. నా చిన్నతనంలో మా గేదె తొలిచూలు ఈనింది. మాయ పడేదాకా దూడను పొదుగు దగ్గరకు పోనివ్వరాదని మా ఇంట్లో పట్టింపు. మాయ పడేసరికి తెల్లవారింది. పాలు పిండి ఇరుగుపొరుగులకు పంచాం. మిగిలిందే దూడకు. నేను రెండు గిన్నెల జున్ను తిన్నాను. నాలుగోనాటికి దూడకు పారుడు పట్టుకున్నది. వారం తిరక్కుండానే పోయింది. దిష్టి తగిలిందన్నారు.

అసలు సంగతి పెద్దయ్యాక ఒక పశువుల డాక్టరుగారి వల్ల తెలిసింది. రోగాలను ఎదిరించే ప్రతిరక్షకాలు మనిషి బిడ్డకు కొన్ని తల్లి కడుపులోనే అందుతాయి. దూడకు ఆ అదృష్టం లేదు. గేదె మాయ వాటిని దాటనివ్వదు. తల్లి ఇచ్చే ఆ ఆస్తి అంతా జున్నుపాలలోనే ఉన్నది. అవి చెక్కుచెదరకుండా దూడ పేగుల్లోంచి రక్తంలోకి చేరాలి. పుట్టిన కొద్ది గంటలే ఆ తలుపు బార్లా తెరిచి ఉంటుంది. గంటగంటకూ మూసుకుంటూ, 24 గంటలయ్యేసరికి దాదాపు మూతబడుతుంది. ఆ తర్వాత బిందెడు తాగించినా ఆ మేలు దక్కదు.

కనుక మొదటి 2 గంటల్లోనే దూడకు తాగించాలి. 30 కిలోల దూడకు తొలిరోజు సుమారు 3 లీటర్లు కావాలి. మాయ కోసం ఆగనక్కరలేదు. దూడ కుడుస్తుంటే గర్భసంచి ముడుచుకొని, మాయ పడటానికే సాయమవుతుంది. బొడ్డుకు టింక్చరు అయొడిన్ అద్దాలి. ఆపైన డాక్టరును అడిగి ఏలికపాముల మందు వేయించాలి. రెండు వారాలకు అది గడ్డి కొరుకుతుంది, తర్వాత నెమరు నేరుస్తుంది. బాగా మేపితే మూడు నాలుగేళ్ళకు తానే తల్లి అవుతుంది.

అలాగని జున్ను తినడం పాపం కాదు. దూడకు కడుపు నిండాక కూడా పొదుగులో పాలు మిగులుతాయి. ఆ మిగిలినవే మనవి.

"తాగిందండీ" అన్నాడు అబ్బాయి. "రాత్రే తాగింది, మళ్ళీ తెల్లవారుజామున తాగింది. ఇప్పుడు తల్లి నాకుతుంటే పడుకుంది."

అప్పుడు సీసా లోపలికిచ్చాను.