చర్చి ఆఫీసు – ఏటికొప్పాక లక్క

నిర్గమకాండం చదివేటప్పుడు చాలామంది విశ్వాసులు ఎర్రసముద్రం దాటి, సీనాయి కొండ దగ్గర కాసేపు ఆగి, ఆ తర్వాతి అధ్యాయాలను గబగబా తిప్పేస్తారు. అక్కడినుంచి అంతా సామగ్రి పట్టీయే మరి. ఎన్ని మూరల తెర, ఏ కర్ర, ఏ నూలు, ఏ రంగు అంటూ ప్రత్యక్షగుడారానికి కావలసినవన్నీ దేవుడు మోషేకు చెబుతూ పోతాడు. 38వ అధ్యాయంలోనైతే బంగారం, వెండి, ఇత్తడి ఎంతెంత వాడారో లెక్క కూడా ఉంది. తన ఆరాధనకు వాడే వస్తువు దేనితో తయారైందో పట్టించుకునే దేవుడాయన.

ఆ పట్టీ పక్కన మన సంఘ కార్యాలయం కొనుగోళ్ల పట్టీ పెట్టి చూద్దాం. కమిటీ సమావేశానికి పేపరు కప్పులు, చిన్న నీళ్ల సీసాలు. ఉజ్జీవ కూడికలకు పదడుగుల ఫ్లెక్సీలు, వాటిమీద వాక్యం కంటే పెద్దవిగా ప్రసంగీకుల ఫొటోలు. క్రిస్మస్‌కు థర్మోకోల్ నక్షత్రం. అతిథులకు ప్లాస్టిక్ పెట్టెలో మెరిసే జ్ఞాపిక, దానిమీద ఒక శాలువా. ఆదివారం సాయంత్రానికి ఆవరణ ఊడ్చి, ఇవన్నీ ప్రహరీ పక్కన కుప్పవేసి అగ్గిపుల్ల గీస్తారు. ఫ్లెక్సీ పీవీసీతో చేసింది. అది కాలితే వచ్చే పొగలో డయాక్సిన్ల వంటి విషాలుంటాయి. ఆ పొగ వెళ్లేది పక్కింటి పొరుగువాడి ముక్కులోకే.

2022 జూలై 1 నుంచి దేశమంతటా ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువులు కొన్నింటిని నిషేధించారు. ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, చెంచాలతోపాటు అలంకరణకు వాడే థర్మోకోల్, ఆహ్వానపత్రికలకు చుట్టే ప్లాస్టిక్ పొర, 100 మైక్రాన్ల కంటే పలచని పీవీసీ బ్యానర్లు ఆ జాబితాలో ఉన్నాయి. ఎవరో చర్చి ఆఫీసు బీరువా తెరిచి రాసినట్టుంది కదూ! పేపరు కప్పు ఇందులో లేదు కాబట్టి మంచిదేనని సరిపెట్టుకోవడానికీ లేదు. వేడి టీ కారిపోకుండా దాని లోపల పలచటి ప్లాస్టిక్ పూత ఉంటుంది. అందులో పావుగంట ఉంచిన 100 మిల్లీలీటర్ల వేడి ద్రవంలోకి దాదాపు 25 వేల సూక్ష్మ ప్లాస్టిక్ కణాలు చేరతాయని 2020లో ఐఐటీ ఖరగ్‌పూర్ పరిశోధకులు తేల్చారు. రోజుకు 20 కప్పులు వాడే ఆఫీసు ఏడాదికి 6 వేల కప్పులు పారేస్తుంది. రెండు డజన్ల స్టీలు గ్లాసులు, వాటిని కడిగే మనిషికి న్యాయమైన కూలి ఇస్తే ఈ ఖర్చు తప్పుతుంది. గ్లాసు కడగడం నామోషీ అనుకునే పెద్దలెవరైనా ఉంటే, శిష్యుల పాదాలు ఎవరు కడిగారో వారికి గుర్తుచేయాలి.

ఇక జ్ఞాపికల సంగతి. దీనికి మాత్రం ఏటికొప్పాక దాకా వెళ్లాలి. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డునున్న ఈ ఊరి పేరు చెప్పగానే లక్కబొమ్మలు గుర్తొస్తాయి. అంకుడు కర్రను తరిణిమీద తిప్పుతూ ఉలితో రూపం తీస్తారు. తిరుగుతున్న కర్రకు రంగు కలిపిన లక్కపుల్లను ఆనిస్తే, రాపిడి వేడికి లక్క కరిగి కర్రను పట్టుకుంటుంది. పైన మొగలి ఆకుతో మెరుపు తెస్తారు. ఇంత చక్కని పనిలోకి ఒకప్పుడు రసాయన రంగులు వచ్చి చేరాయి. చవక, సులువు, కంటికి జిగేల్‌మంటాయి. కానీ బొమ్మ చేతికిస్తే పసిబిడ్డ మొట్టమొదట చేసేది దాన్ని నోట్లో పెట్టుకోవడమే. అలాంటి వస్తువుకు ఎలాంటి రంగు వేయాలన్న ప్రశ్నను పట్టుకుని, పసుపు, నీలిమందు, జాఫ్రా గింజలు, కరక్కాయ వంటివాటినుంచి రంగులు తీసే విద్యను అదే ఊరికి చెందిన సి.వి. రాజు ఏళ్ల తరబడి శ్రమించి మళ్లీ నిలబెట్టారు. ఈ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు దక్కింది, ఆయనకు 2023లో పద్మశ్రీ వచ్చింది. 2025 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీలో రాష్ట్ర శకటంగా ఊరేగినవీ ఈ బొమ్మలే.

లక్క అనేది చెట్ల కొమ్మలమీద ఒక చిన్న పురుగు స్రవించే జిగురు. గుడారపు తెరలకు వాడమని దేవుడు చెప్పిన ఎరుపు కూడా పురుగునుంచి తీసిందే. హీబ్రూలో ఆ రంగు పేరులోనే పురుగు అనే మాట ఉంది. ఇరవై రెండో కీర్తనలో దావీదు తననుతాను పురుగుతో పోల్చుకున్నప్పుడు వాడిన మాట కూడా అదే. లోకం కాలికింద నలిపేసే ప్రాణినుంచి తన మందిరానికి రంగు తీయించుకున్న దేవుడు, ఆ పనికి బెసలేలును పేరుపెట్టి పిలిచి ఆత్మతో నింపాడు. బైబిల్లో దేవుని ఆత్మతో నిండాడని పేరుతో సహా చెప్పిన మొదటివాడు ప్రవక్త కాదు, యాజకుడూ కాదు, కర్ర చెక్కే పనివాడు. మన ప్రభువు కూడా నజరేతులో వడ్లవాడే.

ఏటికొప్పాకలో మార్పు వచ్చింది పనిలో, అంటే రంగు గిన్నెలో. మన దగ్గర మార్పు ఎక్కువగా బ్యానరు మీద వస్తుంది. జూన్ 5న పర్యావరణ దినోత్సవమని ఫ్లెక్సీ కట్టి, నాలుగు మొక్కలు నాటి, ఫొటో దిగి వస్తాం. ట్రెజరర్ దగ్గరి ఓచర్లు మాత్రం ఎప్పటిలాగే ఉంటాయి. సంఘం నిజంగా మారిందో లేదో తెలుసుకోవాలంటే ఆ ఓచర్లే చూడాలి. జ్ఞాపిక ఇవ్వక తప్పదనుకుంటే లక్కబొమ్మ ఇవ్వండి, అదీ సహజ రంగు వేసినదేనా అని అడిగి తీసుకోండి. ఆకులు, గింజలు ఉడికించి తీసే రంగుకు సమయం పడుతుంది, ధరా ఎక్కువే ఉంటుంది. క్రిస్మస్‌కు వారం ముందు వందల బొమ్మలు కావాలని ఫోను చేసి, ఆపై సగం ధరకు బేరమాడేవాడు పనివాణ్ణి మళ్లీ రసాయనాల డబ్బావైపే తోస్తాడు. సెప్టెంబరులోనే ఆర్డరిచ్చి, కొంత బయానా చెల్లించాలి. పర్యావరణం పేరుతో కొంటూ పనివాడి కూలిలో కోత పెడితే ఆ బొమ్మలో పచ్చదనం ఏముంది?

అసలు ఇన్ని జ్ఞాపికలు దేనికన్నది వేరే ప్రశ్న. గుడారానికి ప్రజలు తెచ్చిన కానుకలు అవసరానికి మించిపోయాయని పనివాళ్లు చెబితే, ఇక తేవద్దని మోషే పాళెమంతటా చాటింపు వేయించాడు. చందాలు ఆపించిన కమిటీ ఆ తర్వాత ఎక్కడైనా ఉందేమో నాకు తెలియదుగానీ, చాలు అనే మాట మందిరపు పనిలోనే పుట్టిందని గుర్తుంచుకుంటే మేలు. శాలువాల మీద శాలువాలు కప్పించుకునే మా పాస్టర్లకు ఇది మరీ ముఖ్యం.

ఆత్మల రక్షణ ముఖ్యంగానీ ఈ కప్పులు, బల్బుల గొడవ మనకెందుకని కొందరు పెద్దలు అంటారు. అయిదు రొట్టెలతో అయిదువేలమందికి భోజనం పెట్టిన ప్రభువుకు మిగిలిన ముక్కలతో పనేముంది? అయినా ఒక్క ముక్క కూడా వృథా కాకూడదని ఏరించాడు, పన్నెండు గంపలు నిండాయి. ఈ లెక్కనే కరెంటు బిల్లుకూ వర్తింపజేయవచ్చు. పాత సీలింగ్ ఫ్యాను 75 వాట్లు తింటుంది, కొత్తరకం బీఎల్‌డీసీ ఫ్యానుకు 30 వాట్లు చాలు. రోజుకు పదిగంటల చొప్పున 300 రోజులు తిరిగితే ఒక్కో ఫ్యానుకు ఏడాదికి 135 యూనిట్లు మిగులుతాయి. ఏసీని 24 డిగ్రీల దగ్గర ఉంచడం, కాగితానికి రెండువైపులా ముద్రించడం వంటివి ప్రత్యేకంగా చెప్పనక్కర్లేదు.

కానీ చాలా ఆఫీసులు మరచిపోయేది ఒకటుంది. బొమ్మలు కొనేవాళ్లు పెరిగితే అంకుడు కర్ర ఎక్కడినుంచి వస్తుంది? ఏటికొప్పాక కళాకారుల పాత బాధ కర్ర కొరతే. అంకుడు కొమ్మలు కొట్టుకుంటే మళ్లీ చిగురించే చెట్టు, అయినా పనికొచ్చేంత లావు కావడానికి ఏళ్లు పడుతుంది. మన జిల్లాల్లో చర్చిలకు, పాత మిషను కాంపౌండ్లకు ఎంతో కొంత ఖాళీ స్థలముంది. దాన్ని పార్కింగ్ పేరుతో సిమెంటు చేసేకంటే, ప్రహరీ వెంబడి పాతిక అంకుడు మొక్కలు పెట్టవచ్చు. అటవీశాఖ నర్సరీల్లో ముందుగా అడిగి ఉంచుకుని, తొలకరికి గుంతలు సిద్ధం చేయాలి. మొదటి రెండు వేసవులు ఎవరు నీళ్లు పోస్తారో పేర్లతో సహా కమిటీ మినిట్స్‌లో రాయాలి. నాటే రోజు ఫ్లెక్సీ కట్టకూడదని కూడా అదే తీర్మానంలో చేర్పించండి.