స్లైడ్ చదవకండి, మాట్లాడండి!

నరసన్నపేటలో డిగ్రీ చదువుతున్నారా? రేపు ఉద్దానం కిడ్నీ జబ్బు మీద సెమినార్ ఇవ్వాలా? స్లైడ్‌లో పదిహేను లైన్లు కుక్కేయకండి. కవిటి, సోంపేట, పలాస, మందస కనిపించేలా ఒక్క మ్యాప్ పెట్టండి. పైన ఒకే వాక్యం: 'కారణం ఇంకా పూర్తిగా తేలలేదు'. మిగతాది మీ నోటితో చెప్పండి.

ఇది అందం కోసం కాదు. 2003లో కొలంబియా షటిల్ తిరిగొస్తూ ముక్కలై, కల్పనా చావ్లాతో సహా ఏడుగురు చనిపోయారు. అంతకుముందు నాసా అధికారులకు చూపిన స్లైడ్‌లో అసలు ప్రమాదం అడుగున, చిన్న అక్షరాల్లో ఉండిపోయిందని విచారణ బోర్డు తప్పుపట్టింది.

అందుకే ముఖ్యమైన మాట పైన, పెద్దగా ఉండాలి. చివరి బెంచీ నుంచి ఫ్రెండ్‌తో చదివించి చూడండి. మాట్లాడేటప్పుడు స్క్రీన్ వైపు కాదు, క్లాసు వైపు తిరగండి. కరెంటు పోయినా చెప్పగలిగితే మీరు రెడీ!